ముందు టేపు, తర్వాతే సెట్టు

(విజయనగరంలో ఒక గ్రంథాలయం హాలులో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం. సభలో వచ్చిన ప్రశ్నల్లో కొన్ని చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు దయచేసి ముందుకి రండి. ఈ బల్ల మీద ఉన్న సెట్టుని విప్పి చూపిస్తాను. దూరం నుంచి చూస్తే స్ప్రింగులు, స్క్రూలు ఏవీ కనబడవు.

ఇది జపాన్‌లో తయారైన టూ-ఇన్-వన్. మోనో సెట్టు, ఒకటే స్పీకరు. మీడియం వేవ్, షార్ట్ వేవ్, ఎఫ్ఎం, ఒక క్యాసెట్ డెక్, అంటే క్యాసెట్ వేసి నడిపించే భాగం, ఉన్నాయి. పాత సామాన్లు అమ్మే చోట ఆన్‌లైన్‌లో చూసి కొన్నాను. ఇంటికి వచ్చిన రోజు రేడియో గరగరలాడుతూ పలికింది. ప్లే బటన్ నొక్కితే మోటారు తిరుగుతున్న చప్పుడే గానీ లోపల ఏదీ కదల్లేదు. ఇప్పుడు రెండూ పనిచేస్తున్నాయి. ఎలా బాగుచేశానో చెప్పమని పిలిచారు, చెప్తాను. దానికి ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. మీలో ఎంతమంది ఇళ్లలో ఇంకా క్యాసెట్లు ఉన్నాయి? చేతులెత్తండి.

(సభలో చాలామంది చేతులెత్తారు.)

వాటిని వేసి వినడానికి పనిచేసే సెట్టు ఎంతమందికి ఉంది?

(అక్కడక్కడ కొన్ని చేతులు.)

చూశారుగా. నేను మాట్లాడేది ఈ తేడా గురించే. సినిమా పాటల క్యాసెట్లు పోయినా ఫరవాలేదు, ఆ పాటలు ఫోన్‌లో దొరుకుతాయి. ఇళ్లలో సొంతంగా రికార్డు చేసినవి ఎక్కడా దొరకవు. మన వైపు నుంచి దుబాయ్, మస్కట్, కువైట్ వెళ్లినవాళ్లు ఉత్తరం రాయడం రాక, రాసినా ఇంట్లో చదివేవాళ్లు లేక, క్యాసెట్‌లో మాట్లాడి ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేవారు. ఇంట్లో అందరూ సెట్టు చుట్టూ కూర్చుని వినేవారు. రెండో వైపు జవాబు చెప్పి మళ్లీ పంపేవారు. ఆ టేపులు ఇంకా కొన్ని పెట్టెల్లో ఉన్నాయి. తప్పెటగుళ్ల బృందం పాడుతుంటే పక్కన సెట్టు పెట్టి పట్టుకున్నవి, జముకుల కథలు, పెళ్లిలో ముసలమ్మలు పాడిన పాటలు, తిరునాళ్లలో హరికథలు కూడా ఉన్నాయి. ఒక్కో టేపుకీ ప్రపంచంలో ఒకే ప్రతి. అది తెగితే మళ్లీ రాదు.

అందుకని నేను ఒకటే నియమం పెట్టుకున్నాను. సెట్టు అందంగా ఉందా, బాగా అరుస్తోందా అన్నది తర్వాత. మన ఇంటి టేపుని దానిలో పెట్టొచ్చా, దెబ్బ తగలకుండా బయటికి వస్తుందా? అదొక్కటే ప్రశ్న. దాన్నిబట్టే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తేలుతుంది.

క్యాసెట్ గురించి రెండు ముక్కలు. ఫిలిప్స్ కంపెనీ దీన్ని 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో బయటపెట్టింది. ఆ పని నడిపించిన ఇంజినీరు లూ ఆటెన్స్, 2021లో పోయారు. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు. ఇతర కంపెనీలు డబ్బు కట్టకుండా తయారుచేసుకోవచ్చని ఫిలిప్స్ ఒప్పుకుంది. ప్రమాణాలు మార్చకూడదన్నది షరతు. మస్కట్‌లో ఒక కంపెనీ సెట్టులో మాట్లాడిన టేపు బొబ్బిలిలో ఇంకో కంపెనీ సెట్టులో పలికిందంటే కారణం ఇదే. రేడియోనీ క్యాసెట్‌నీ ఒకే పెట్టెలో కలిపిన సెట్లు 1966 నుంచి వచ్చాయి. మనం టూ-ఇన్-వన్ అన్నది వాటినే.

ఇక కొనడం. ఆన్‌లైన్‌లో ప్రతివాళ్లూ ‘వర్కింగ్ కండిషన్’ అనే రాస్తారు. చాలాసార్లు ఆ మాటకి లైటు వెలుగుతుంది, రేడియో అరుస్తుంది అనే అర్థం. అమ్మేవాళ్లని ఫోటోలు కాదు, వీడియో అడగండి. క్యాసెట్ పెట్టి ప్లే నొక్కినప్పుడు రెండు చక్రాలూ తిరగాలి, పక్కన అంకెల కౌంటరు కదలాలి. ఫార్వర్డ్, రివైండ్ కూడా నొక్కించండి. బ్యాటరీ గది మూత తీయించి ఫోటో అడగండి. సెట్టు వెనక అంటించిన లేబుల్ ఫోటో తప్పనిసరి. జపాన్‌లో వాడుకోవడానికి చేసిన సెట్లు 100 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వాటిలో పాతవాటికి ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే ఉంటుంది, మన స్టేషన్లు 88 నుంచి 108 మధ్య ఉంటాయి కాబట్టి దాదాపు ఏదీ రాదు. గల్ఫ్ నుంచి వచ్చిన సెట్లకి సాధారణంగా 110, 220 మార్చుకునే స్విచ్చి వెనక ఉంటుంది. అది ఎటు ఉందో చూడకుండా ప్లగ్గు పెట్టకండి. పార్సిల్ చేసే ముందు సెల్లులు తీసేయమని, ఏరియల్ మడిచి కట్టేయమని చెప్పండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ బరువు కాబట్టి పెట్టెలో చుట్టూ గుడ్డలు గానీ థర్మాకోల్ గానీ గట్టిగా కుక్కాలి.

పార్సిల్ విప్పగానే ప్లగ్గు పెట్టాలనిపిస్తుంది. ఆగండి. ముందు బ్యాటరీ గది చూడాలి. ఈ సెట్టులో ఎప్పటివో పెద్ద సెల్లులు కారిపోయి స్ప్రింగుల్ని తినేశాయి. మనం ఎక్కువగా వాడిన ఎర్ర సెల్లులు, నెల్లూరు నిప్పో సెల్లుల్లాంటివి, జింక్ కార్బన్ రకం. వాటినుంచి కారే రసం ఆమ్లం. నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో తుడిస్తే ఆ ఆమ్లం విరిగిపోతుంది. ఆల్కలైన్ అని రాసి ఉన్న సెల్లు కారితే అది క్షారం, తెల్లటి పొడిలా పేరుకుంటుంది. దానికి సోడా పనిచేయదు, వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కావాలి. ఏదైనా తర్వాత తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టాలి. తుప్పు పట్టిన స్ప్రింగుని సన్నటి ఎమిరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది చూడండి. పట్టు లేకపోతే కొత్త స్ప్రింగు వేసుకోవడమే. ఆ గదిలోంచి బోర్డుకి వెళ్లే వైరు కొస కూడా చూడాలి. రసం ఒక్కోసారి వైరు లోపలికి పాకి, రాగిని నల్లగా చేసేస్తుంది. పైకి వైరు బాగానే కనిపిస్తుంది.

కరెంటు మీద మొదటిసారి పెట్టేటప్పుడు పాత రేడియో మెకానిక్‌లు సీరీస్ బల్బు వాడేవారు. ఇప్పటికీ నేను అదే వాడతాను. సెట్టుకి వెళ్లే కరెంటు దారిలో 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు ఒకటి ఉంటుంది. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. సెట్టులో షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టుకి ఏమీ కాదు. బాగుంటే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. 230 వోల్టులతో పని కాబట్టి అలవాటు లేనివాళ్లు ఆ బోర్డు సొంతంగా కట్టుకోవద్దు, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని చూడండి. సెల్లుల మీద పనిచేసే భాగాలు సాధారణంగా 6 లేదా 9 వోల్టులవే, అక్కడ భయం లేదు.

ఇప్పుడు రేడియో. టేపు బాగుచేయడానికి కొన్నప్పుడు రేడియో ముందు ఎందుకు అని అడగొచ్చు. రేడియోకీ టేపుకీ స్పీకరు ఒకటే, శబ్దాన్ని పెంచే ఆంప్లిఫైయరు ఒకటే, వాల్యూము ఒకటే. రేడియో శుభ్రంగా పలికితే వెనక సగం అంతా బాగున్నట్టే. అప్పుడు టేపులో లోపం వస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. 

వాల్యూము తిప్పితే గరగర వస్తోందంటే లోపల కార్బన్ పట్టీ మీద దుమ్ము, తడి చేరినట్టు. మన తీరంలో ఉప్పుగాలికి ఇది మామూలే. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ అని అడిగితే చిన్న స్ప్రే ఇస్తారు. సన్నటి గొట్టంతో ఒక్క చుక్క లోపలికి వదిలి, నాబ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి చాలాసార్లు తిప్పాలి. బ్యాండు మార్చే స్విచ్చికీ అంతే. తలుపు బందులకి కొట్టే తుప్పు స్ప్రే మాత్రం వాడకండి, దాని జిడ్డు లోపలే ఉండిపోయి దుమ్ము పట్టిస్తుంది.

సెల్లుల మీద బాగా పలికి, కరెంటు మీద పెట్టగానే ‘బుయ్’మని హమ్ వస్తోందా? అయితే కరెంటుని నిలకడ చేసే ఫిల్టర్ కండెన్సరు ఎండిపోయి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన లావుగా ఉండేది అదే, 1000 లేదా 2200 మైక్రోఫారడ్ ఉంటుంది. అదే విలువ, అంతే వోల్టేజీ లేదా కొంచెం ఎక్కువది కొని, ప్లస్, మైనస్ చూసి వేయాలి. పాత కండెన్సర్లన్నీ ఒక్క దెబ్బకి మార్చేయాలని కొందరు చెబుతారు. నాకది నచ్చదు. ఒకటి మార్చి విని, తర్వాత ఇంకొకటి చూసుకుంటే ఏది లోపమో తెలుస్తుంది, బోర్డు మీద రాగి పట్టీలు ఊడవు. పాత బోర్డుల రాగి ఎక్కువ వేడిని తట్టుకోదు.

మీడియం వేవ్ పరీక్షకి మనకి దగ్గరది ఆకాశవాణి విశాఖ కేంద్రం, 927 కిలోహెర్ట్జ్. ఆ కేంద్రం 1963లోనే మొదలైంది, క్యాసెట్ పుట్టిన సంవత్సరమే. మీడియం వేవ్‌కి ఏరియల్ రాడ్డు పనిచేయదు. సెట్టు లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ మీద సన్నటి తీగ చుట్టి ఉంటుంది, అదే పట్టుకుంటుంది. కడ్డీ సెట్టు పొడవునా ఉంటుంది కాబట్టి సెట్టు ముఖమైనా వీపైనా విశాఖ వైపు పెడితే బాగా వస్తుంది. పక్కకి తిప్పితే తగ్గిపోతుంది. ఒక్క గరగర తప్ప ఏమీ రావడం లేదని సెట్టుని తప్పు పట్టే ముందు ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఆపేసి చూడండి. వాటి చప్పుడు మీడియం వేవ్ మీద పడుతుంది. వీలైతే సెల్లులు వేసి డాబా మీదికి తీసుకెళ్లండి. ఇంకొక హెచ్చరిక. బోర్డు మీద చిన్న రేకు డబ్బాల్లో రంగు రంగుల స్క్రూలు కనిపిస్తాయి. అవి ఐఎఫ్ కాయిల్స్, పట్టిన స్టేషన్‌ని పక్క స్టేషన్ల నుంచి విడదీసే తీగచుట్టలు. 455 కిలోహెర్ట్జ్‌కి ఫ్యాక్టరీలో కుదిర్చి పంపినవి. వదులుగా ఉన్నాయేమో అని బిగించకండి. సాధనాలు లేకుండా వాటిని మళ్లీ కుదర్చడం కష్టం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన జిల్లాలో కరెంటు, ఫోను లేని రోజులు గుర్తున్నవాళ్లకి, సెల్లుల మీద పలికే రేడియో విలువ నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. డెక్.

(ప్రసంగకర్త సెట్టు వెనక మూత తీసి చూపించారు.)

ఇక్కడ చూడండి. మోటారు, దాని నుంచి ఈ బరువైన చక్రానికి బెల్టు. చక్రం మధ్యలోంచి ముందుకి వచ్చిన సన్నటి ఉక్కు కడ్డీ పేరు క్యాప్‌స్టన్. దానికి ఆనుకుని నల్లటి రబ్బరు రోలర్, మెకానిక్‌లు ప్రెషర్ రోలర్ అంటారు. చెరకు రసం బండిలో రెండు రోలర్ల మధ్య గడ ఎలా లాగబడుతుందో, టేపు కూడా ఈ రెండింటి మధ్య అలాగే లాగబడుతుంది. సెకనుకి 4.76 సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. వచ్చిన టేపుని కుడి చక్రం వెంటనే చుట్టుకోవాలి. ఇక్కడే ప్రమాదం ఉంది. కడ్డీ, రోలర్ కలిసి టేపుని తోస్తూనే ఉంటాయి. కుడి చక్రం బలహీనంగా తిరిగినా, ఆగినా, వచ్చిన టేపుకి చోటు లేక రోలర్ చుట్టూ చుట్టుకుంటుంది. సెట్టు టేపు మింగేసింది అని మనం అనేది దీన్నే. రోలర్ మీద జిగురు ఉంటే ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి పాట వినిపిస్తోందంటే డెక్ బాగున్నట్టు కాదు. పాట చక్కగా వినిపిస్తూనే లోపల టేపు నలిగిపోతూ ఉండొచ్చు.

ఈ సెట్టులో బెల్టు కరిగి నల్లటి జిగురైపోయింది. అందుకే మోటారు తిరిగినా ఏదీ కదల్లేదు. పాత బెల్టులు రెండు రకాలుగా పోతాయి. కొన్ని సాగిపోతాయి, కొన్ని గాలిలో తడికి విరిగి కరిగిపోతాయి. కరిగినదైతే చేతులకి తొడుగులు వేసుకోండి, చొక్కాకి అంటితే వదలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లలతో చక్రం గాడిలోంచి, మోటారు పుల్లీ మీది నుంచి మొత్తం తీసేయాలి. కొంచెం మిగిలినా కొత్త బెల్టు అక్కడ ఎగిరి పాట వణుకుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడితే ప్లాస్టిక్కే కరిగిపోతుంది, దాని జోలికి వెళ్లకండి.

కొత్త బెల్టు కొలత ఎలా? పాతది కరిగిపోయింది కాబట్టి దాన్ని కొలవలేం. బెల్టు వెళ్లే దారి వెంబడి సాగని నూలుదారం గట్టిగా చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి, విప్పి కొలవండి. వచ్చిన దానిలో నూటికి 5 నుంచి 7 వంతులు తగ్గించండి. దారం 230 మిల్లీమీటర్లు వస్తే బెల్టు 215 చాలు. వ్యాసంతో అమ్మేవాళ్లని అడగాలంటే 215ని 3.14తో భాగిస్తే 68 వస్తుంది. బిగువు ఎక్కువైతే మంచిదనుకుని ఇంకా చిన్నది వేయకండి. మోటారు బేరింగు పక్కకి లాగబడి అరిగిపోతుంది. వెడల్పు, మందం కూడా అసలు దాని అంతే ఉండాలి. ఇంట్లో వాడే మామూలు రబ్బరు బ్యాండు వేసి నడిపించినవాళ్లని చూశాను. అది కొన్ని నిమిషాలు నడుస్తుంది, ఇంటి టేపుకి మాత్రం అది చేటు.

ప్రెషర్ రోలర్‌ని తడిగుడ్డ మీద ఒక్క చుక్క సబ్బు వేసి తుడవండి. నల్లటి మెరుపు పోయి మసకగా కనిపించాలి. ఆల్కహాల్ ఎక్కువగా వాడితే రబ్బరు ఎండి పగులుతుంది. పగుళ్లు ఉంటే, ఒక వైపు అరిగి ఉంటే మార్చడమే మంచిది. క్యాప్‌స్టన్ కడ్డీకి మాత్రం ఆల్కహాలే సరైనది. కుడి చక్రాన్ని తిప్పే చిన్న రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని కూడా తుడవండి. ఎండిపోయి మైనంలా గట్టిపడిన పాత గ్రీజుని తీసేసి, కుట్టు మిషను నూనె పిన్ను కొసతో ఒక చుక్క, కడ్డీ తిరిగే బేరింగుకి మాత్రమే పెట్టాలి. నూనె బెల్టుకి గానీ రోలర్‌కి గానీ తగిలితే చేసినదంతా మళ్లీ చేయాలి.

అంతా బిగించాక ఒక పారేసే క్యాసెట్ పెట్టండి. దుకాణాల్లో పాత క్యాసెట్లు దొరుకుతూనే ఉన్నాయి. అరగంట వైపు మొత్తం నడిపించండి, పక్కన కూర్చుని చూస్తూ. మొదట్లో కుడి చక్రం మీద టేపు తక్కువ, చివర్లో ఎక్కువ. చివర్లో చుట్టుకోవడానికి బలం ఎక్కువ కావాలి, బలహీనమైన సెట్టు అక్కడ దొరికిపోతుంది. తర్వాత రివైండ్ చేసి, టేపు అంచులు ముడతలు పడ్డాయేమో వెలుతురులో చూడండి. ముడత ఒక్కటి కనిపించినా మీ ఇంటి క్యాసెట్ పెట్టే వేళ ఇంకా కాలేదు.

వేగం సంగతి. మనది 1919 నుంచి మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పెద్దలుగా ఉన్న చోటు. ఇక్కడ శ్రుతి గురించి నేను విడిగా చెప్పాల్సిన పనిలేదు. మోటారు నూటికి 6 వంతులు వేగంగా తిరిగితే ఒకటో శ్రుతిలో పాడినది ఒకటిన్నరలో వినిపిస్తుంది. మాట్లాడిన టేపైతే మీ నాన్నగారి గొంతు మీ నాన్నగారిది కాకుండా పోతుంది. గొంతు కోసమే కదా ఇదంతా చేస్తున్నాం, అది సరిగ్గా ఉండాలి.

కొలవడానికి యంత్రాలు అక్కర్లేదు. సెకనుకి 4.76 సెంటీమీటర్లు అంటే 100 సెకన్లకి 4 మీటర్ల 76 సెంటీమీటర్లు. స్క్రూలున్న పనికిరాని క్యాసెట్ ఒకటి విప్పి, పాట ఉన్న టేపుని టైలరు టేపుతో సరిగ్గా అంతే కొలిచి కత్తిరించి, రెండు కొసలూ అందులోని లీడర్ ముక్కలకి, అంటే మొదట్లో, చివర్లో శబ్దం లేకుండా ఉండే పారదర్శకమైన ముక్కలకి, స్ప్లైసింగ్ టేపు అనే అతుకుడు పట్టీతో అంటించండి. ప్లే చేసి, శబ్దం మొదలైన దగ్గర నుంచి ఆగేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. 100 వస్తే సరిగ్గా ఉంది. 97 వస్తే నూటికి 3 వంతులు వేగం ఎక్కువ. చాలా మోటార్ల వెనక చిన్న రంధ్రం ఉంటుంది, దానిలో ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ పెట్టి వెంట్రుకవాసి తిప్పి మళ్లీ కొలవాలి. కుర్రవాళ్లు 3000 హెర్ట్జ్ టోను ఉన్న టెస్ట్ క్యాసెట్ కొని ఫోన్ యాప్‌తో చూస్తారు, అది ఇంకా సులువు. కొనలేనివాళ్లకి టైలరు టేపు, స్టాప్‌వాచ్ చాలు.

తర్వాత హెడ్, అంటే టేపుకి ఆనుకుని దాని మీది శబ్దాన్ని చదివే చిన్న లోహపు ముక్క. టేపు మీద 10 వేల హెర్ట్జ్ శబ్దం ఒక్కో అల ఎంత పొడవులో ఇముడుతుందో లెక్క వేస్తే 4.76 మైక్రోమీటర్లు వస్తుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు. హెడ్‌కీ టేపుకీ మధ్య ఒక్క మైక్రోమీటరు మురికి చేరినా ‘స’, ‘శ’ లాంటి శబ్దాలు మొద్దుబారిపోతాయి. అందుకే ఆల్కహాల్‌లో ముంచిన దూదితో హెడ్‌ని తుడిచి, దూదికి గోధుమరంగు అంటనంతవరకు మళ్లీ మళ్లీ తుడవాలి. స్క్రూడ్రైవర్ కొనలు అయస్కాంతం పట్టి ఉంటాయి, హెడ్‌కి తాకనివ్వకండి.

హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ ఒకటి ఉంటుంది. హెడ్ ఎంత ఒరిగి ఉందో అది నిర్ణయిస్తుంది. అజిమత్ అంటారు. మీ టేపు ఏ సెట్టులో రికార్డు అయిందో ఆ సెట్టు హెడ్ ఎలా ఒరిగి ఉంటే ఇదీ అలాగే ఒరగాలి. కాబట్టి కాపీ తీసేటప్పుడు ప్రతి టేపుకీ, వింటూ, ఆ స్క్రూని పావు చుట్టు లోపలే అటూ ఇటూ తిప్పి గొంతు ఎక్కడ తేటగా వస్తుందో అక్కడ ఆపాలి. ఈ పని పారేసే టేపుల మీద చేతికి అలవాటయ్యాకే ఇంటి టేపుల మీద చేయండి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. బోర్డు మీద ఈ పొడుగాటి స్లైడ్ స్విచ్చి రికార్డు, ప్లే మార్చేది. పదేళ్లు కదలకపోతే దాని కాంటాక్టులు నల్లబడి శబ్దం పోతుంది, ఒక్కోసారి ఊళ వేస్తుంది. హెడ్ పోయిందనుకుని సెట్టు పారేస్తారు, నిజానికి లోపం ఇక్కడ ఉంటుంది. ఒక చుక్క క్లీనరు వేసి, రికార్డు బటన్ని నొక్కి వదులుతూ ఉండండి. క్యాసెట్ లేకపోతే ఆ బటన్ పడదు. క్యాసెట్ గదిలో వెనక మూల ఉన్న చిన్న లీవరుని వేలితో నొక్కి పట్టుకుంటే పడుతుంది.

ఆ లీవరు ఎందుకుందో చెప్తే మీ ఇంటి టేపులకి ఇవాళే ఒక మేలు జరుగుతుంది. టేపు కనబడే అంచు కిందికి వచ్చేలా క్యాసెట్‌ని ఇలా నిలబెట్టి పట్టుకోండి. పై అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి. మీవైపు ఉన్న సైడ్‌కి కాపు ఎడమ బిళ్ల. దాన్ని విరిచేస్తే ఆ వైపు రికార్డు బటన్ పడదు. పొరపాటున ఎవరూ చెరిపేయలేరు. ఇంటికి వెళ్లగానే సెట్టు ఉన్నా లేకపోయినా ఆ బిళ్లలు విరిచేయండి.

బయటి పెట్టె గురించి తక్కువే చెప్తాను. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో పిండిన గుడ్డ చాలు. డయల్ మీద అంకెల్ని ఆల్కహాల్‌తో తుడవకండి, అక్షరాలు లేచిపోతాయి. పసుపెక్కిన తెల్ల ప్లాస్టిక్కుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లగా చేస్తారు. నేను చేయను. పసుపు రంగు వల్ల టేపుకి నష్టం లేదు. బ్లూటూత్ బోర్డు పెట్టించమని అడిగేవాళ్లున్నారు. దానికోసం లోపల వైర్లు కోస్తారు, తర్వాత ఎవరైనా బాగుచేయాలంటే దారి తెలియదు. బదులుగా మూత లోపల చిన్న కాగితం అంటించండి. ఏ బెల్టు ఏ కొలత, ఏ కండెన్సరు మార్చారు, ఏ తేదీన. రేపు విప్పేవాళ్లకి అది పనికొస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దాయన: మేస్టారూ, ఇంత కష్టం ఎందుకు? కొత్త క్యాసెట్ ప్లేయర్లు మళ్లీ వస్తున్నాయి కదా?)

వస్తున్నాయండి. చవగ్గా దొరికేవాటిలో ఎక్కువ భాగం ఒకే రకం తేలికపాటి మెకానిజంతో వస్తున్నాయి. బరువైన చక్రం ఉంటేనే టేపు వేగం నిలకడగా ఉంటుంది. వాటిలో ఆ చక్రం పల్చగా ఉంటుంది. పాట వణుకుతుంది. బాగుచేసిన పాత సెట్టు వాటికంటే నయం అని నా నమ్మకం. పాతది దొరక్కపోతే కొత్తదాన్నైనా ముందు పారేసే టేపుతో పరీక్షించండి.

(ఒక మహిళ: మా అమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్ ఉందండి. టేపు మీద తెల్లగా ఏదో పట్టింది.)

అది బూజు తల్లీ. ఆ క్యాసెట్‌ని ఇప్పుడు ఏ సెట్టులోనూ పెట్టకండి. హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. విడిగా కవరులో పెట్టి ఉంచండి. ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట, చక్రాన్ని పెన్సిల్‌తో మెల్లగా తిప్పుతూ పొడి మెత్తటి గుడ్డ మధ్యలోంచి టేపుని నడిపించాలి. ఇద్దరు ఉంటే సులువు. టేపు వెనక చిన్న రాగి స్ప్రింగు మీద మెత్తటి దిండు ఉందో లేదో చూడండి, జిగురు ఎండితే అది రాలిపోతుంది. రాలిపోయి ఉంటే గొంతు దూరంగా వినిపిస్తుంది. స్క్రూలున్న మరో క్యాసెట్ విప్పి, మీ రీళ్లని దానిలోకి మార్చాలి. భయమనిపిస్తే నా దగ్గరికి తీసుకురండి, మీ ముందే చేస్తాను.

(ఒక విద్యార్థి: సార్, కాపీ ఎలా తీయాలి?)

సెట్టు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు, దానికి యూఎస్‌బీ ఆడియో అడాప్టరు, ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాం. అది ఉచితమే. సెట్టుని సెల్లుల మీద నడిపించు, ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేయ్, కరెంటు హమ్ చాలావరకు రాదు. వాల్యూము తక్కువ పెట్టి మొదలుపెట్టు, గొంతు పెద్దదైనచోట చిట్లకూడదు. మొదటి కాపీని వేవ్ ఫైలుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా, దాచు, దాన్ని ముట్టుకోకు. చప్పుడు తగ్గించడం, వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 చేయడం అన్నీ దాని నకలు మీద చెయ్యి.

(అదే విద్యార్థి: కాపీ తీశాక క్యాసెట్ పారేయొచ్చా?)

వద్దు బాబూ. ఇంతకంటే మంచి సెట్టుతో రేపు ఎవరైనా ఇంకా తేటగా తీయొచ్చు. టేపుని ఒక కొస దాకా చుట్టి, పెట్టెలో నిలువుగా పెట్టు. స్పీకర్ల పక్కన పెట్టకు, వాటిలో అయస్కాంతం ఉంటుంది. మన వాతావరణానికి డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి గట్టిగా మూత పెట్టు, వానాకాలం మొదట్లో వాటిని మార్చు. పెట్టె మీద ఎవరి గొంతు, ఏ ఊరు, సుమారు ఏ సంవత్సరం అన్నది రాయి. నీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లని ఈ వారమే అడిగి రాసుకో.